ఎవరూ కొట్టని నీళ్లు

"సీసా లోపలికెందుకు తెచ్చావు?"

"దాహానికి తెచ్చుకున్నా వదినా. నీళ్లు తాగడానికి కూడా నీ సెలవు కావాలా?"

"తాగే నీళ్లయితే పొద్దున్నే సగం సీసా ఎక్కడికి పోయింది?"

"నా కడుపులోకి పోయింది. కోసి చూస్తావా?"

"నీ కడుపులోకి పోతే ఈ కాయలెందుకు తడిసినయ్? పట్టుకో. నువ్వే పట్టుకుని చూడు."

"చూశా. తడిగానే ఉన్నయ్. అయితే? తడి కనపడగానే నేనే గుర్తొచ్చానా నీకు?"

"నీళ్లు కొట్టి తొడిమ తీసే అలవాటు మనలో ఎవరికుందో అందరికీ తెలుసు."

"అది మా కల్లంలో. మా కాయ, మా ఇష్టం. పరాయి సరుకు మీద నేనెందుకు కొడతా? నా మీద ఒట్టు, చుక్క కూడా కొట్టలా."

గుంటూరు బయట హైవే పక్కనున్న ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో, మిగతా పన్నెండు మంది ఆడవాళ్లూ తొడిమలు తీయడం ఆపి చూస్తుండగా నడిచిన మాటలివి. నిలదీసిన గొంతు నాది. జవాబు చెప్పింది మా ఊరి ఆవిడ. నాకు వరసకు వదిన, ఆమెకు నేనూ వదిననే. మా రెండిళ్ల మధ్య నాలుగు గడపలే దూరం. అప్పటికి నేను పదకొండేళ్లుగా ఆ షెడ్డులో ఆడకూలీల మేస్త్రిని. నేను చదివింది ఐదో తరగతిలో సగం. హాజరు పుస్తకంలో పేర్లు రాయడానికి అది సరిపోయింది. మనుషుల్ని చూసి తీర్పు చెప్పడానికి కూడా సరిపోతుందనుకున్నాను. ఇప్పుడు షెడ్డుల్లో పనిచేస్తున్న అమ్మాయిలు, రేపు మేస్త్రులయ్యేవాళ్లు, ఈ నాలుగు ముక్కలూ చదివితే మంచిదని రాస్తున్నాను.

ముందు మా పని గురించి కాస్త చెప్పాలి. ఎండాకాలంలో రైతులు, వ్యాపారులు మిరపకాయలను టిక్కీల్లో, అంటే పెద్ద గోనెబస్తాల్లో తొక్కించి చల్లగదుల్లో పెట్టిస్తారు. వానాకాలంలో ధర చూసుకుని బయటికి తీయిస్తారు. అప్పుడు మా పని మొదలవుతుంది. టిక్కీ విప్పి, రంగుపోయి తెల్లబారిన తాలుకాయ వేరు చేసి, తొడిమలు తీసి మళ్లీ నింపాలి. ఎండిన కాయ పెళుసుగా ఉంటుంది. పట్టుకుంటే పగులుతుంది, గింజ రాలుతుంది, ఘాటు ముక్కులకెక్కుతుంది. అందుకే కల్లాల్లో ముందు కాసిని నీళ్లు చల్లి, కాయ మెత్తబడ్డాక ముట్టుకునే అలవాటు మా వైపు ఉంది. సొంత కాయకు అది చెల్లుతుంది. ఎగుమతి సరుకుకు మాత్రం అది దొంగతనం కిందే లెక్క. తడి కాయ బరువు తూగుతుంది, నాలుగు రోజులకు బూజు పడుతుంది. నీళ్లు కొట్టిందన్న పేరు ఒక్కసారి పడితే, ఆ రోడ్డు మీద ఏ స్టోరేజీలోనూ ఆ మనిషిని గేటు దాటనివ్వరు.

ఆ ముందురోజు సాయంత్రం సరుకు కొన్న వాళ్ల మనిషి వచ్చి టిక్కీల్లోకి చెయ్యి పెట్టి చూశాడు. పైనా పక్కనా కాయలు చెమ్మగా తగిలాయట. "నీళ్లు కొట్టారు, మాకొద్దు" అని వెళ్లిపోయాడు. పొద్దున్నే గుమాస్తాగారు నన్ను పిలిచారు.

"ఎవరో తేల్చమ్మా. సాయంత్రంలోగా పేరు చెప్పకపోతే రేపట్నుంచి వేరే ఊరి వాళ్లు వస్తారు. మీ పద్నాలుగు మందీ ఇంట్లో కూర్చోవచ్చు."

పద్నాలుగు మంది పొట్టలు ఒకవైపు, ఒక్క పేరు ఇంకోవైపు. తేల్చడానికి నాకు సాయంత్రం దాకా పట్టలేదు. వదిన చేతిలో సీసా కనపడింది. పచ్చ ప్లాస్టిక్ సీసా, మూత పోకుండా మెడకు దారం కట్టి ఉంది. దాన్ని లాక్కుని గుమాస్తాగారి బల్ల మీద పెట్టాను.

ఆ ఏడు వదిన కౌలుకు చేసిన పత్తిని గులాబీ పురుగు తినేసింది. ఇల్లు నడిచేది ఆ షెడ్డు కూలీతోనే. అది నాకు తెలుసు. తెలిసే, అవసరం ఉన్న మనిషి కాబట్టి త్వరత్వరగా పని కానివ్వాలని నీళ్లు కొట్టి ఉంటుందని ఎంచుకున్నాను. మనిషి కష్టాన్నే ఆమె మీద సాక్ష్యంగా పెట్టానన్నమాట.

వదిన ఏడవలేదు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, మడిచి నడుముకు దోపుకుంది.

"పదకొండేళ్లు నీ పక్కన కూర్చున్నా వదినా. దొంగనని నాకు ఇంకెవరూ చెప్పక్కర్లా, నువ్వే చెప్పావు." ఆ మాట అని గేటు దాటింది. ఆటో సాయంత్రం గానీ రాదు. ముసురులో రోడ్డు వెంట నడుచుకుంటూ పోయింది.

ఆ పూట నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి వరసల మధ్య తిరిగాను. కూర్చున్నాను, మళ్లీ లేచాను. తప్పు పట్టుకున్నానన్న ధీమా ఉండాల్సింది పోయి, ఏదో మర్చిపోయి వచ్చినట్టు, ఇంటి దగ్గర పొయ్యి కట్టలేదేమో అన్నట్టు ఒకటే గుబులు.

మర్నాడు తెల్లవారుజామున ఇడ్లీ పెట్టాను. పొదుపు నాకు పుట్టుకతో వచ్చింది. ఇడ్లీ సగం ఉడకగానే గ్యాసు కట్టేసి, మిగిలిన ఆవిరితోనే అయ్యేలా చూస్తాను. ఆ రోజు పరధ్యానంలో కట్టడం మరిచిపోయి, మరుగుతుండగానే మూత తీశాను. ఆవిరి మణికట్టును చుట్టేసింది. అంతకుముందు మరిగే ఎసరు చేతి మీద చిందిన రోజులు ఎన్నో ఉన్నాయి. చన్నీళ్లు పోసుకుని మరిచిపోయేదాన్ని. ఇది అలా కాదు. చర్మం ఎర్రగా లేచి, తెల్లారేసరికి బొబ్బ కట్టింది. ఆ చేత్తో మిరపకాయల షెడ్డుకు వెళ్లాను. ఘాటు దుమ్ము కాలిన చోట పడితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ రోజు గేటు దగ్గరే అందరి సీసాలూ తీసుకుని వరసగా గోడ పక్కన పెట్టించాను. షెడ్డులోకి చుక్క నీరు పోలేదు. వదిన రాలేదు. బస్తాలు మోసే ముఠా వాళ్లు చల్లగదిలోంచి కొత్త టిక్కీలు తెచ్చి దించారు. ఇక చూడండి, ఈ రోజు కాయ గలగలలాడుతుంది అనుకున్నాను.

గంట గడిచిందో లేదో, మూలనున్న అమ్మాయి పిలిచింది. "పిన్నీ, ఇటు రా. ఇది కూడా తడిగానే ఉంది."

వెళ్లి చూశాను. గోనె పీచు మీద సన్నటి చుక్కలు. లోపల కాయలు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. "గట్టిగా మాట్లాడకు" అన్నాను ఆ అమ్మాయితో. పొడిగుడ్డ తెచ్చి కాయలు తుడవడం మొదలుపెట్టాను. రెండు ఫ్యాన్లు అటు తిప్పించాను. తుడిచిన చోట మళ్లీ చెమ్మ. ఫ్యాను గాలికి ఆరుతున్న కాయను పట్టుకుంటే ఇంకా చల్లగానే ఉంది. గుడ్డ పిండుతున్నాను, వదిన పిల్లలు గుర్తొస్తున్నారు, మణికట్టు మండుతోంది. ఒక్కచోట నిలవలేక, కాలిన చేతికి మందేదైనా ఉంటుందేమోనని మిషన్ రూముకు వెళ్లాను.

చల్లగదుల యంత్రాలు నడిపే పెద్దాయన అక్కడే ఉంటాడు. రైల్వేలో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరై, ఇక్కడ చేరాడు. మందు డబ్బా తీసి ఇస్తూ అడిగాడు. "ఎట్టా కాలిందమ్మా? నీళ్లా, ఆవిరా?"

"ఆవిరండి. మరిగే నీళ్లు పడ్డా ఇంత కాలలేదెప్పుడూ."

"కాలదు మరి. నీళ్లు ఆవిరవ్వాలంటే బోలెడంత వేడి మింగాలి. గిన్నె ఒకసారి మరగడం మొదలయ్యాక నువ్వు ఎంత మంట పెట్టినా ఆ నీళ్లు ఇంక వేడెక్కవు. ఆ మంటంతా ఆవిరే మింగుతుంది."

"అంటే పప్పు మరిగాక పెద్దమంట పెడితే..."

"తొందరగా ఇగిరిపోయిద్ది అంతే. పప్పు త్వరగా ఉడకదు."

నలభై ఏళ్లుగా నేను మరిగే పప్పు కింద పెద్దమంట పెడుతున్నాను. ఇడ్లీ దగ్గర చూపిన పొదుపు పప్పు దగ్గర తగలేసుకున్నానన్నమాట. అంత గుబులులోనూ అది ఒకటి మనసుకు గుచ్చుకుంది.

ఆయన ఆగలేదు. "ఆ మింగిన వేడి ఎటూ పోదమ్మా. ఆవిరికి చల్లటిదేదన్నా తగిలిందనుకో, మళ్లీ నీరయిపోయిద్ది. అయ్యేటప్పుడు మింగిందంతా అక్కడే కక్కిద్ది. పొద్దున నీ మణికట్టు మీద కక్కింది."

"ఆవిరి అంటే పొయ్యి మీదదేగా?"

"పొయ్యి మీదదే అయితే బట్టలెట్టా ఆరతయ్? ఈ ముసురు రోజుల్లో గాలినిండా ఉండేది అదే. నీ కంటికి కనపడదు."

ఆయన వెనకాల గోడ వెంట చల్లగదిలోకి పోయే లావుపాటి గొట్టం ఉంది. అతుకు దగ్గర పైన తొడుగు ఊడిపోయి, అక్కడ తెల్లగా, వేలు లావున మంచు పట్టి ఉంది. పదకొండేళ్లలో ఎన్నిసార్లో చూశాను దాన్ని. ఆయన దాని మీద గోటితో గీరి, రాలిన మంచుపొడి నా అరచేతిలో వేశాడు. నిన్నటి గొడవ ఆయన చెవిన కూడా పడినట్టుంది.

"ఈ గొట్టం లోపల చుక్క నీరు లేదు. పైనుంచి ఎవరూ పొయ్యలా. మరి ఈ మంచు ఎవరు కొట్టారమ్మా? మీ వదిన కొట్టిందా?"

అరచేతిలో మంచు కరిగింది. కరుగుతూ చేతిలో వేడి లాక్కుంది. వేళ్లు జివ్వుమన్నాయి. నాకు అప్పుడు గుర్తొచ్చింది మధ్యగది.

చల్లగదికీ మా షెడ్డుకీ నడుమ తలుపులు మూసి ఉండే గది ఒకటుంది. బయటికి తీసిన టిక్కీలు విప్పకుండా ఒక పగలూ ఒక రాత్రీ అందులో ఉండాలి. చల్లదనం వదిలి, గోనె మన చేతికి మామూలుగా తగిలాకే షెడ్డుకు పంపాలి. ఎందుకని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ వారం సరుకు తొందరగా కావాలన్నారు. టిక్కీలు మధ్యగదిలో ఉన్నంతసేపూ మా వాళ్లకు పని లేదు, పని లేని రోజుకు కూలి లేదు. "ఉత్తపుణ్యానికి రోజు దండగెందుకు, నేరుగా తెచ్చెయ్యండి" అని ముఠా వాళ్లకు చెప్పింది నేను. గుమాస్తాగారు చూసి కూడా చూడనట్టున్నారు. ఒక రోజు మిగిల్చానని ఇంట్లో కూడా గొప్పగా చెప్పుకున్నాను.

చల్లగా ఉన్న కాయను తెచ్చి ముసురు గాలిలో విప్పింది నేను. గాలిలో ఆవిరి కాయ మీద పడి నీరయింది. నేను పైన తుడిచినా కాయ లోపలి చల్లదనం అలాగే ఉంది, ఫ్యాన్లు దాని మీదికి తోలింది కూడా ఆ ముసురు గాలినే. తుడిచిన కొద్దీ మళ్లీ చెమ్మ పట్టింది. పొద్దుట్నుంచి గుడ్డ పట్టుకుని నేను కుస్తీ పట్టింది దానితోనే.

గుమాస్తాగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన ఫోను పక్కన పెట్టి తలుపు దగ్గరికి వేశారు.

"అర్థమైందమ్మా. రేపట్నుంచి మధ్యగదిలో పెట్టిద్దాం. ఇంతటితో వదిలెయ్యి."

"మరి ఆవిడ సంగతి?"

"ఆవిడ వెళ్లిపోయింది. కొన్నవాళ్లకు పేరు చెప్పాం. గొడవ తీరింది. ఇప్పుడు మనమే తడిపామంటే నీ మేస్త్రితనం పోయిద్ది, నాకూ చీవాట్లే. ఎవరికి లాభం చెప్పు?"

ఆయన చెప్పింది తప్పని అప్పటికప్పుడు అనిపించలేదు, అబద్ధమెందుకు. పనిలోకి వచ్చి కూర్చున్నాను. లేచాను. గోడ పక్కన పదమూడు సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కటీ తడిపిన సీసా కాదు. పద్నాలుగోది ఆయన బల్ల మీద, మూతకు దారంతో. మధ్యాహ్నం క్యారేజీ విప్పాను గానీ ముద్ద దిగలేదు. తినకుండా మూసేస్తే అన్నం దండగ, అందుకని దిగకపోయినా తిన్నాను. చెయ్యి కడుక్కుని నేరుగా ముఠా వాళ్ల దగ్గరికి వెళ్లాను.

"ఒక్క టిక్కీ తెచ్చి షెడ్డు నడిమధ్యలో పెట్టండి. విప్పొద్దు."

"ఎందుకక్కా?"

"పెట్టండయ్యా, చెబుతా."

పెట్టారు. మిషన్ రూము పెద్దాయన స్టీలు గ్లాసులో ఐసు వేసిన నీళ్లు తెచ్చి దాని పక్కన బల్ల మీద పెట్టాడు. ఆడవాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టాను. గుమాస్తాగారిని పిలిస్తే ముందు రానన్నారు, తర్వాత చప్పుడు లేకపోయేసరికి ఏం జరుగుతోందోనని ఆయనే వచ్చారు.

"ఎవరూ దగ్గరికి రావద్దు. చేతులు ఒళ్లో పెట్టుకుని చూడండి."

"సినిమానా పిన్నీ?" అంది మూల అమ్మాయి.

"టిక్కెట్టు లేని సినిమా. నోరు మూసుకుని చూడు."

మొదట గ్లాసు మసకబారింది. తర్వాత దాని ఒంటి మీద చుక్కలు లేచాయి, ఒకదానిలో ఒకటి కలిసి కిందికి జారాయి. గోనె పీచు కూడా అలాగే నెమ్మదిగా నల్లబడింది. ఇంకొంచెంసేపు ఆగి టిక్కీ మూతి కుట్టు విప్పించాను. పైకాయలు గాలి తగిలినకొద్దీ మా కళ్లముందే మెరుపెక్కాయి.

"అమ్మో, గ్లాసు మీద కూడా వదినే నీళ్లు కొట్టింది, పట్టుకోండి!" అంది ఒకావిడ. కొందరు నవ్వారు. నేను నవ్వలేదు.

"ఎవరూ కొట్టలా. మధ్యగదిలో పెట్టకుండా తెప్పించింది నేను. సరుకు తడిపింది నేను. నిన్న అందరిముందూ ఆమె మీద పెట్టిన తప్పు నాది. అది అందరిముందే చెబుతున్నా."

గుమాస్తాగారు వంగి టిక్కీలోంచి ఒక కాయ తీసి వేళ్లతో నలిపి చూశారు. తర్వాత, "కొన్నవాళ్లకు నేనే ఫోను చేస్తా. ఆవిడను రమ్మను" అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "హాజరు పుస్తకం మాత్రం ఇచ్చేయమ్మా. ఎవరో ఒకరి మీద పడకపోతే పైవాళ్లు ఊరుకోరు." ఇచ్చేశాను. తడిసిన టిక్కీలను మూడు రోజులు పరిచి ఆరబెట్టారు. అందులో కొంత బూజు పట్టి తాలులోకి పోయింది. ఆ పాపం కూడా నాదే.

ఆటో దిగి, చీకటి పడకముందే వదిన ఇంటికి వెళ్లాను. సీసా నా చేతిలో ఉంది. ఆమె వాకిట్లో అంట్లు తోముతోంది. తల ఎత్తలేదు.

"నీళ్లు ఎవరూ కొట్టలేదు వదినా. నేను తొందరపడి చల్లటి సరుకు విప్పించా. గాలిలో నీరు పట్టింది."

"ఇది ఇక్కడ నాతో చెబుతున్నావా, అక్కడ చెప్పావా?"

"అక్కడ చెప్పే వచ్చా. అందరి ముందూ."

గిన్నె మీద పీచు ఆడటం ఆగింది. "గుమాస్తా ముందు కూడా?"

"ఆయన ముందే. పుస్తకం తీసేసుకున్నారు."

ఆమె నా మణికట్టు వంక ఒకసారి చూసింది. ఏమైందని అడగలేదు. సీసా అరుగు మీద పెట్టాను. రమ్మని బతిమాలడం నాకు చేతకాదు. "ఆటో ఏడింటికే" అని చెప్పి వచ్చేశాను. ఆమె మళ్లీ గిన్నె తోముకోవడం వీధి మలుపు దాకా వినపడింది.

అమ్మాయిలూ, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పనిలో ఏదైనా పద్ధతి దండగలా కనపడితే, దాన్ని తీసేసే ముందు అది ఎందుకు పెట్టారో నోరు తెరిచి అడగండి. అడగడానికి ఖర్చేమీ కాదు. నేను ఇంత పొదుపు మనిషినై ఉండి, అడిగే ఒక్క మాట దగ్గర పిసినారితనం చూపాను.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆటో వచ్చింది. వదిన తన గడప ముందు నిలబడి ఉంది. నా పక్కన చోటుంది. ఆమె వెనక్కి వెళ్లి, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చుంది. షెడ్డులో టిక్కీలు ఇంకా మధ్యగదిలోనే ఉన్నాయి. చేతిలో పని లేక అందరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. వదిన లేచి వచ్చి, మూతకు దారం కట్టిన ఆ పచ్చ సీసాను, నిండుగా, నా ముందు పెట్టింది.

"పుస్తకం లేదుగా, నీకూ ఊసుపోవాలి. సాయంత్రం దాకా ఇందులో చుక్క తగ్గకుండా కాపలా కాయి," అని, వెళ్లి తన చోట కూర్చుంది.

నేను కాశాను.